భూసేకరణ కేసుల నుంచి అంతర్జాతీయ కన్సల్టెన్సీకి: జిల్లా కోర్టు న్యాయవాదికి దారి ఉందా?

గుంటూరు వకీలు:

సభ్యులందరికీ నమస్కారం. నేను గుంటూరులో పదకొండేళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరున్న ఫైళ్లలో సగానికి పైగా భూసేకరణవే. మొదట్లో 1894 నాటి చట్టం కింద మిగిలిపోయిన రిఫరెన్సులు (పరిహారం పెంచమని కోర్టుకు వచ్చిన కేసులు) నడిపాను. ఆ తర్వాత 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 నాటి కొత్త చట్టం కింద పరిహారం పెంపు కోసం, పునరావాస హక్కుల కోసం వేసిన దరఖాస్తులు చూస్తున్నాను. అన్నీ రైతుల తరఫునే.

ఈ మధ్య ఒక ప్రాజెక్టు గ్రామసభకు కక్షిదారులతో కలిసి వెళ్లినప్పుడు, అంతర్జాతీయ పునరావాస నిపుణుడినని పరిచయం చేసుకున్న ఒక విదేశీయుడు నన్ను పక్కకు పిలిచి, మన చట్టంలో సొలేషియం (పరిహారం మీద అదనంగా ఇచ్చే మొత్తం) ఎలా లెక్కిస్తారో, కౌలుదారుకు ఏమి దక్కుతుందో గంటసేపు అడిగి రాసుకున్నారు. ఆయన మర్యాదస్తుడే, నాకు కోపమూ రాలేదు. కానీ ఆయన ఏ పనికైతే దేశాలు దాటి వచ్చారో ఆ పని నాకు కొంతైనా తెలుసునన్న ఆలోచన ఆ రోజు నుంచి వదలడం లేదు.

నాకిప్పుడు ముప్పై ఆరేళ్లు. లండన్‌లో ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎంకు సీటు వచ్చింది కానీ, ఫీజు కట్టాలంటే తెనాలి దగ్గరున్న ఎకరంన్నర మాగాణి అమ్మక తప్పదు. ఆ డిగ్రీ లేకుండా ఈ రంగంలోకి అడుగు పెట్టవచ్చా, పెడితే ఎక్కడ మొదలుపెట్టాలి, నా సనదు (ప్రాక్టీసు చేసే అర్హతా పత్రం) సంగతి ఏమవుతుంది అన్న విషయాల్లో అనుభవమున్న సభ్యుల సలహా కోరుతున్నాను.

హైదరాబాదు ఆర్బిట్రేషన్:

వకీలు గారూ, పొలం సంగతి మీ కుటుంబం తేల్చుకోవలసిందే కానీ, విదేశీ అర్హత విలువను తక్కువ చేసి చూడవద్దని మనవి. ఇంగ్లండు, వేల్సులలో సొలిసిటర్ (అక్కడి న్యాయవాది) కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్షా విధానం నడుస్తోంది. మన దేశంలో సనదు ఉన్న న్యాయవాదికి అక్కడి రెండేళ్ల పని అనుభవపు నిబంధన వర్తించదు. మొదటి దశలో ఒక్కొక్కటి 180 ప్రశ్నలుండే రెండు పేపర్లు, రెండో దశలో కక్షిదారుతో ముఖాముఖి, వాదన, ముసాయిదా రచన వంటి ఆచరణ పరీక్షలు ఉంటాయి. రెండు దశలకూ కలిపి పరీక్ష రుసుమే నాలుగున్నర వేల పౌండ్లు దాటుతుంది కనుక తేలికైన దారి అనను. అయినా ఎల్‌ఎల్‌ఎం ఫీజుతో పోలిస్తే అది చిన్న మొత్తమే, పైగా చేతికొచ్చేది పట్టా మాత్రమే కాదు, సొలిసిటర్ హోదా.

హైదరాబాదులో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తీర్పరి ముందు వివాద పరిష్కారం), మీడియేషన్ కేంద్రం ప్రారంభమయ్యాక మన యువ న్యాయవాదులు చాలామంది ఆ వైపు చూస్తున్నారు. సింగపూర్, దుబాయి ట్రిబ్యునళ్ల ముందు పని చేయాలనుకునేవారికి సీఐఆర్బ్ (లండన్‌లోని ఆర్బిట్రేటర్ల సంస్థ) సభ్యత్వం, ఒక విదేశీ అర్హత బాగా అక్కరకొస్తాయని నా అనుభవం చెబుతోంది.

మనీలా మకాం:

ఆర్బిట్రేషన్ గారు చెప్పినవన్నీ నిజాలే. అయితే అవి వేరే ఊరికి వెళ్లే బస్సు వివరాలు. వకీలు గారు అడిగింది వివాద పరిష్కార సంస్థల్లో వాదించడం గురించి కాదు, అభివృద్ధి ప్రాజెక్టుల్లో న్యాయ, పునరావాస నిపుణుడిగా పని చేయడం గురించి. పదమూడేళ్లుగా నేను చేస్తున్నది ఇదే కనుక కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఈ పని ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. బలవంతపు నిర్వాసితుల విషయంలో ప్రపంచ బ్యాంకు తన మొదటి విధానాన్ని 1980లోనే రాసుకుంది. కాగితం మీదున్న ఆ విధానం నేల మీద అమలు కావడం లేదని లోకానికి తెలిసింది మాత్రం మన నర్మదా నది ఒడ్డున. సర్దార్ సరోవర్ ఆనకట్ట మీద బ్యాంకు తానే నియమించిన స్వతంత్ర సమీక్ష బృందం 1992లో పునరావాసం లోపభూయిష్టంగా ఉందని తేల్చింది. 1993 మార్చిలో మన ప్రభుత్వం మిగిలిన రుణాన్ని వదులుకుంది. అదే ఏడాది, బాధితులే నేరుగా ఫిర్యాదు చేసుకునే తనిఖీ ప్యానెల్‌ను బ్యాంకు ఏర్పాటు చేసింది. ఆ తర్వాత, రుణం ఇచ్చే ముందు ఎవరెవరు భూమి, ఇల్లు, జీవనోపాధి కోల్పోతారో, వారికి స్థానిక చట్టం ఏమిస్తుందో, బ్యాంకు నిబంధన ఏమి అడుగుతుందో, ఈ రెంటి మధ్య ఉన్న లోటును ఎలా పూడుస్తారో రాసి చూపించడం తప్పనిసరిగా మారింది. 2018 అక్టోబరు నుంచి ప్రపంచ బ్యాంకులో ఈ నిబంధనను ఈఎస్‌ఎస్‌5 అంటున్నారు. ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) 2009 నాటి తన రక్షణ విధానం స్థానంలో 2024 నవంబరులో కొత్త చట్రాన్ని ఆమోదించింది.

లోటు ఎక్కడుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు కానీ, ఇతర సభ్యుల కోసం రెండు ఉదాహరణలు ఇస్తాను. మన 2013 చట్టం భూమి లేని కౌలుదారును, వ్యవసాయ కూలీని కూడా ప్రభావిత కుటుంబంగా గుర్తించింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద ముందడుగు. కానీ సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే ఉండి, ప్రధాన జీవనాధారం దాని మీదే ఉండాలని షరతు పెట్టింది. ఈఎస్‌ఎస్‌5కు ఆ మూడేళ్లతో పని లేదు. కటాఫ్ తేదీ (అర్హతకు గడువుగా ప్రకటించిన రోజు) నాటికి అక్కడ ఉన్నారా లేదా అన్నదే చూస్తుంది. పట్టా లేని ఆక్రమణదారుకు భూమి విలువ ఇవ్వకపోయినా, కట్టుకున్న గుడిసె విలువను, జీవనోపాధి సాయాన్ని ఇవ్వమంటుంది. అలాగే ఇంటి విలువ కట్టేటప్పుడు మన ఇంజనీర్లు ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల జాబితా) రేట్ల నుంచి తరుగు (పాతబడినందుకు తగ్గింపు) తీసేస్తారు, అక్కడ తరుగు తీయకూడదు. ఇలాంటి ఇరవై, ముప్పై అంశాలను పట్టికగా వేసి, ప్రతి లోటుకూ అమలు చేయదగిన పరిష్కారం రాయగలిగిన మనిషి ఆ సంస్థలకు కావాలి. మన రెండు రాష్ట్రాలూ తమ సవరణలతో కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ మదింపు నుంచి తప్పించుకునే వీలు కల్పించుకున్నాయి కదా. ఆ సవరణ నేల మీద ఏమి చేస్తుందో లండన్‌లో చదువుకున్నవారికి తెలియదు, అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) విచారణలో కూర్చున్న మీకు తెలుసు.

ఇక నియామకం మూడు దారుల్లో జరుగుతుంది. బ్యాంకే వ్యక్తిని నేరుగా స్వల్పకాలిక కన్సల్టెంటుగా తీసుకోవడం ఒకటి. ప్రపంచ బ్యాంకులో ఆ ఒప్పందం ఏడాదికి 150 రోజులు మించదు. రుణం తీసుకున్న ప్రభుత్వ సంస్థ తానే ప్రకటన ఇచ్చి నియమించుకోవడం రెండోది. కన్సల్టింగ్ కంపెనీ టెండరులో మీ సీవీని నిపుణుల జాబితాలో చూపి, పని దక్కితే మిమ్మల్ని వాడుకోవడం మూడోది. కొత్తవారికి తెరుచుకునేది ఎక్కువగా మూడో తలుపే.

మరొక మాట. ఇక్కడ "అంతర్జాతీయ" అన్నది గొప్పతనాన్ని చెప్పే మాట కాదు. గుంటూరు న్యాయవాది అమరావతి ప్రాజెక్టులో పని చేస్తే జాతీయ నిపుణుడు, అదే మనిషి నేపాల్‌లో జలవిద్యుత్ ప్రాజెక్టుకు వెళితే అంతర్జాతీయ నిపుణుడు. కనుక మీరు చూడవలసిన మొదటి సరిహద్దు లండన్‌ది కాదు. పాకిస్తాన్‌లో ఇప్పటికీ 1894 చట్టమే నడుస్తోంది. బంగ్లాదేశ్ 2017లో కొత్త చట్టం తెచ్చి, ప్రభుత్వ అవసరానికి భూమి తీసుకుంటే మార్కెట్ విలువ మీద అదనంగా 200 శాతం ఇవ్వమంది. నేపాల్ చట్టం 1977 నాటిది, శ్రీలంకది 1950 నాటిది. ఇవన్నీ ఒకే వంశవృక్షపు కొమ్మలు. మొదటిసారి ఢాకాలో ఆ చట్టం చదివినప్పుడు సెక్షన్ల సంఖ్యలు మారాయి తప్ప, విచారణ, నోటీసు, అవార్డు అన్న నడక అంతా మన ఆర్డీవో కార్యాలయంలో చూసినదే అనిపించింది.

గుంటూరు వకీలు:

మనీలా గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, కృతజ్ఞతలు. రెండు సందేహాలు ఉన్నాయి. మొదటిది, నా సీవీ ఒక పేజీ మాత్రమే: బీఏ, బీఎల్, ఫలానా సీనియర్ దగ్గర జూనియర్, ఫలానా ఏడాది నుంచి స్వతంత్ర ప్రాక్టీసు. అందులో చూపించడానికి ఏముంది? రెండోది కాస్త ఇబ్బందికరమైనది. ఇన్నాళ్లూ ప్రభుత్వం మీద రైతు తరఫున వాదించినవాడిని, రేపు ప్రభుత్వం డబ్బు తీసుకుని పునరావాస ప్రణాళిక రాస్తే మా ఊళ్లో నా ముఖం ఎలా చూపించుకోను?

పాత సనదు:

నేను బార్‌లో నలభై ఏళ్లు పూర్తి చేసుకుని ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. సనదు గురించి అడిగారు కనుక నాకు తెలిసిన మేరకు చెబుతాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 49వ నియమం ప్రకారం, ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది పూర్తికాలపు జీతగాడిగా ఉండకూడదు. అలాంటి ఉద్యోగంలో చేరితే తన పేరున్న రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. రోజుల లెక్కన ఫీజు తీసుకునే కన్సల్టెన్సీ ఒప్పందానికి, నెల జీతం, సెలవులు, పదవీ విరమణ ప్రయోజనాలతో వచ్చే నియామకానికి ఇక్కడే తేడా వస్తుంది. ఒప్పందం శీర్షికలో కన్సల్టెంట్ అని ఉన్నంత మాత్రాన అది ఉద్యోగం కాకుండా పోదు. పని గంటలు, అజమాయిషీ, మరో పని చేయకూడదన్న షరతు ఎలా ఉన్నాయో చదవండి. సందేహం వస్తే బార్ కౌన్సిల్‌కు ముందే ఉత్తరం రాసి పెట్టుకోండి. తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే సంజాయిషీ ఇచ్చుకోవడం కన్నా అది నయం.

ఇంకొక వైపు కూడా చూడాలి. విదేశీ న్యాయవాదులు ఇక్కడ కోర్టు బయట సలహా ఇవ్వడం కూడా ప్రాక్టీసు కిందికే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు బాలాజీ కేసులో చెప్పింది. అదే నీతి పరాయి దేశాల్లో మనకూ వర్తిస్తుంది. నేపాల్ చట్టం మీద నేపాలీ కక్షిదారుకు అభిప్రాయం రాసి సంతకం పెట్టడానికి మన సనదు చెల్లదు.

మనీలా మకాం:

పాత సనదు గారి చివరి మాట చాలా ముఖ్యమైనది. అందుకే ఈ ప్రాజెక్టుల్లో మీ పక్కన ఆ దేశపు న్యాయవాది ఒకరు జాతీయ నిపుణుడిగా ఉంటారు. స్థానిక చట్టం ఇదీ అని చెప్పే బాధ్యత ఆయనది. బ్యాంకు నిబంధనతో పోల్చి లోటు తేల్చడం, పరిష్కారం రాయడం మీది. ఆయనను పక్కన పెట్టి పెద్దరికం చేసిన నిపుణులు మొదటి సంప్రదింపుల సమావేశంలోనే నవ్వులపాలు కావడం చూశాను.

సీవీ సంగతికి వస్తాను. టెండరులో సీవీకి టెక్‌-6 అనే నమూనా ఉంటుంది. దాన్ని చదివేవారు మీరు ఎంత గొప్ప న్యాయవాది అని చూడరు. టర్మ్స్ ఆఫ్ రిఫరెన్సులో (టీఓఆర్, అంటే చేయవలసిన పనుల పత్రం) రాసిన ప్రతి పనికీ ఎదురుగా, అదే పని మీరు ఎప్పుడు, ఏ ప్రాజెక్టులో, ఏ హోదాలో చేశారో వెతుక్కుని మార్కులు వేస్తారు. సాధారణ అర్హతకు కొన్ని, ప్రాజెక్టుకు సంబంధించిన అనుభవానికి అన్నిటికన్నా ఎక్కువ, ఆ దేశపు లేదా ప్రాంతపు అనుభవానికి మరికొన్ని. అందుకే "పదకొండేళ్ల సివిల్ ప్రాక్టీసు" అన్న వాక్యానికి అక్కడ విలువ సున్నా. "ఫలానా సాగునీటి కాలువ కోసం సేకరించిన భూమికి సంబంధించి ఇంతమంది నిర్వాసితుల తరఫున అభ్యంతరాలు దాఖలు చేసి, నిర్మాణాల విలువ నిర్ధారణలో తరుగు తీయడాన్ని ప్రశ్నించి, కౌలుదారులను ప్రభావిత కుటుంబాల జాబితాలో చేర్పించిన న్యాయవాది" అన్న వాక్యానికి విలువ ఉంది. మీ ఫైళ్లన్నీ ముందేసుకుని ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క పేరా రాయండి. కక్షిదారుల పేర్లు రాయకండి, కోర్టులో బహిరంగంగా ఉన్న వివరాలు చాలు. టీఓఆర్‌లో పీజీ అడిగితే చాలా చోట్ల మన విశ్వవిద్యాలయపు ఎల్‌ఎల్‌ఎం సరిపోతుంది. లండన్‌దా, నాగార్జునదా అని అడిగిన పట్టికను నేనింతవరకు చూడలేదు.

రెండో సందేహానికి నా దగ్గర నున్నటి జవాబు లేదు. ముందు నియమం చెబుతాను: ఏ ప్రాజెక్టు మీద మీకు వకాల్తా ఉందో ఆ ప్రాజెక్టులో కన్సల్టెంటుగా చేరకూడదు, అది ప్రయోజనాల వైరుధ్యం. అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు 2024 డిసెంబరులో ఆమోదించాయి కనుక మీ ఇంటి పక్కనే పని ఉందని ఆశ కలగవచ్చు. అక్కడి రైతుల కేసులు మీ చేతిలో ఉంటే ఆ ఆశ వదులుకోండి. ఇక మనసు సంగతి. నేను చేరిన మొదటి ప్రాజెక్టులో, రోడ్డు పక్క తోపుడు బండ్లవాళ్లను సర్వేలో చేర్చకుండా వదిలేశారు. వాళ్ల తరఫున కోర్టులో కేసు వేసి ఉంటే అయిదేళ్లు పట్టేదేమో. ప్రణాళిక ముసాయిదాలో నాలుగు వరుసలు చేరిస్తే, రుణ ఒప్పందం అడ్డుపడుతుంది కనుక, మూడు నెలల్లో సర్వే మళ్లీ చేశారు. అలాగని ప్రతిసారీ అలాగే జరగలేదు. నేను రాసిన ఒక అధ్యాయం తుది నివేదికలో సగానికి కుదించుకుపోయిన సందర్భమూ ఉంది. అప్పుడు పేరు తీసేయమని అడిగాను.

హైదరాబాదు ఆర్బిట్రేషన్:

బస్సు పోలికకు నొచ్చుకోలేదు లెండి. మనీలా గారి వివరణ చదివాక నా సలహా వేరే ప్రశ్నకు జవాబని ఒప్పుకుంటున్నాను. అయితే వకీలు గారి మనసాక్షి ప్రశ్నకు ఇంకొక దారి కూడా ఉందని చెప్పాలి. బాధితుల పక్షాన ఉంటూనే అంతర్జాతీయంగా పని చేయవచ్చు. తనిఖీ ప్యానెల్‌కు, ఐఎఫ్‌సీ (ప్రైవేటు సంస్థలకు రుణాలిచ్చే ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ) ప్రాజెక్టులైతే సీఏఓ అనే కార్యాలయానికి ఫిర్యాదులు తయారు చేయడానికి స్వచ్ఛంద సంస్థలకు న్యాయవాదులు కావాలి. గుజరాత్‌లోని ఐఎఫ్‌సీ రుణమిచ్చిన ముంద్రా విద్యుత్ కేంద్రం వల్ల నష్టపోయామన్న మత్స్యకారులు, రైతుల వ్యాజ్యంలోనే 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు, ఐఎఫ్‌సీకి వ్యాజ్యాల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 7–1 ఆధిక్యంతో తీర్పు ఇచ్చింది. చివరకు ఆ కేసు బాధితులకు పరిహారం తెచ్చిపెట్టలేదు, అది వేరే విషయం. ఈ పనిలో ఫీజు తక్కువ. కానీ మీ అనుభవం తిన్నగా ఉపయోగపడేది ఇందులోనే.

మనీలా మకాం:

ఒప్పుకుంటాను. ఒక హెచ్చరిక మాత్రం: ఫిర్యాదుల వైపు పేరు తెచ్చుకున్నాక ప్రాజెక్టుల వైపు పిలుపులు తగ్గుతాయి. నిబంధనల్లో ఎక్కడా రాసి ఉండదు, జరుగుతుంది.

విశాఖ న్యాయవాది:

నాకు ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నందున నెలల తరబడి బయటి దేశాల్లో ఉండే పనులు నాకు కుదరవు. నాలాంటి వారి కోసం రాస్తున్నాను. ఈ ఒప్పందాల్లో చాలా పనులు ఇంటి నుంచే చేసేవి, మధ్యలో రెండు మూడు ప్రయాణాలు ఉంటాయి. ఒక వ్యక్తి-మాసం అంటే సాధారణంగా 22 పనిదినాలు. "నాలుగు వ్యక్తి-మాసాలు, ఏడాదిలో అంచెలంచెలుగా" అని ఉంటే నెలకు ఏడెనిమిది రోజుల పని అన్నమాట. కోర్టు పనితో కలిపి నెట్టుకురావచ్చు, వాయిదాలు సర్దుకునే సహచరులు ఉంటే.

నేను మొదలుపెట్టిన తీరు చాలా చిన్నది. ప్రపంచ బ్యాంకు వివిధ దేశాల చట్టాలను పోల్చి చూసే అధ్యయనాలు చేస్తుంది. మహిళలు, వ్యాపారం, చట్టం మీద ఒకటి ఉంది. 2021లో నిలిపివేసిన డూయింగ్ బిజినెస్ నివేదిక స్థానంలో 2024లో మొదలైన బీ-రెడీ మరొకటి. వీటికి స్థానిక న్యాయవాదులు ప్రశ్నావళులు నింపి పంపాలి. డబ్బు రాదు. కానీ అంగీకరిస్తే సహకరించినవారి జాబితాలో పేరు వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మన చట్టం గురించి మనకే తెలుసనుకున్నది ఆ సంస్థలు అడిగే పద్ధతిలో రాయడం ఎంత కష్టమో తెలిసివస్తుంది. "అవుననీ చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు" అన్న మన అలవాటు అక్కడ పనికిరాదు. సెక్షన్ సంఖ్య రాసి, అవును లేదా కాదు అని తేల్చాలి.

మోసాల గురించి ఒక్క మాట. ఐక్యరాజ్య సమితి నియామకంలో ఏ దశలోనూ రుసుము వసూలు చేయదు. దరఖాస్తు పరిశీలనకని, శిక్షణకని డబ్బు కట్టమంటూ ఉత్తరం వస్తే దాని మీద ఎంత అందమైన ముద్ర ఉన్నా చించి పారేయండి. మా బార్‌లోనే ఒక జూనియర్ అలా ముప్పై వేలు పోగొట్టుకుంది.

దారెస్సలాం తెలుగు:

నేను న్యాయవాదిగా టాంజానియాకు వచ్చి ఆరేళ్లయింది, ఇప్పుడు ఎక్కువగా మౌలిక సదుపాయాల ఒప్పందాల పని చూస్తున్నాను. మనీలా గారి వంశవృక్షం మాటకు ఒక చేర్పు. ఇక్కడి కాంట్రాక్టు చట్టం 1961 నాటిది, మన 1872 చట్టం అచ్చులో పోసినది. మలేషియా 1950 చట్టమూ అంతే. ఇక్కడి కోర్టులో భారతీయ తీర్పు చూపిస్తే ఆసక్తిగా వింటారు, కట్టుబడవలసిన అవసరం లేదనుకోండి. తూర్పు ఆఫ్రికాలో మన చదువు వృథా పోదు. పడమటి వైపు వెళ్లాలంటే ఫ్రెంచి రావాలి. అక్కడ పదిహేడు దేశాలకు ఓహాడా అనే ఉమ్మడి వ్యాపార చట్టం ఉంది, దాని నడక వేరు.

డబ్బు విషయంలో జాగ్రత్తలు చెప్పడానికే ముఖ్యంగా రాస్తున్నాను. నా మొదటి ఏడాదిలో ఒక కన్సల్టింగ్ కంపెనీ నా సీవీతో టెండరు గెలిచి, ఒప్పందం మీద సంతకాలయ్యాక నేను అందుబాటులో లేనని క్లయింటుకు రాసి, తక్కువ రేటుకు దొరికిన మరొకరిని పెట్టుకుంది. నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ముఖ్య నిపుణుణ్ని మార్చాలంటే క్లయింటు అనుమతి కావాలన్న నిబంధన ఉంది కానీ, వాళ్లు ఇచ్చిన కారణం సరైనదా అని నన్ను ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి సీవీ మీద సంతకం చేసేటప్పుడే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అందుబాటులో ఉంటానని, టెండరు ఫలితం నాకు రాతపూర్వకంగా తెలపాలని ఒక ఉత్తరం తీసుకుంటున్నాను. కంపెనీతో చేసుకునే ఉప ఒప్పందంలో "క్లయింటు చెల్లించిన తర్వాతే చెల్లిస్తాం" అన్న వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. తీసేయించడం కష్టం. కనీసం ఎన్ని రోజులకు మించి ఆగనవసరం లేదో రాయించుకోండి. ఇన్సెప్షన్ రిపోర్టు (పని మొదట్లో ఇచ్చే నివేదిక) ఆమోదానికి ముడిపెట్టిన మొదటి విడత పెద్దదిగా ఉండేలా చూడండి, ఎందుకంటే తుది నివేదిక మీద వ్యాఖ్యలు నెలల తరబడి వస్తూనే ఉంటాయి, చివరి విడత వాటి వెనకాలే నడుస్తుంది.

పద్దుల పుస్తకం:

నేను ఆడిటర్‌ను. అందరూ వదిలేసిన పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందుగా, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోందో చూడండి. ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచే ప్రాజెక్టు అయినా, ఒప్పందం మీద సంతకం చేసింది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయితే అది దేశీయ సేవే, ఎగుమతి కాదు. కొనుగోలుదారు విదేశంలో ఉండి, సేవా స్థలం విదేశమై, విదేశీ మారకంలో (లేదా రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లో) చెల్లింపు వస్తేనే జీఎస్‌టీ కింద ఎగుమతి అవుతుంది. అప్పుడు అండర్‌టేకింగ్ పత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండా ఇన్వాయిసు ఇవ్వవచ్చు. మీ ఖాతా ఉన్న బ్యాంకు ఇచ్చే విదేశీ రెమిటెన్సు ధ్రువపత్రాలను పారేయకండి. న్యాయవాదులకు జీఎస్‌టీలో ఉన్న ప్రత్యేక వెసులుబాట్లు న్యాయ సేవలకే. పునరావాస ప్రణాళిక రాయడం న్యాయ సేవ అని వాదించడం తేలిక కాదు.

ఆదాయపు పన్నులో, దేశంలో నివాసిగా ఉన్నవారి విదేశీ ఆదాయం కూడా ఇక్కడి రిటర్నులో చూపాలి. న్యాయవాద వృత్తికి పాత చట్టపు 44ఏడీఏ సెక్షన్ కింద వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే సౌకర్యం 50 లక్షల వరకు, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు ఉండేది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి పాత సంఖ్యలతో ఫారాలు నింపకండి. ఆ దేశంలో పన్ను కోసుకుంటే, కోసినట్టు పత్రం ఆ దేశంలో ఉండగానే తీసుకోండి. తిరిగొచ్చాక ఉత్తరాలు రాసి సాధించినవారు నాకు తారసపడలేదు. ఐక్యరాజ్య సమితి ఉద్యోగుల జీతానికున్న మినహాయింపు కన్సల్టెంటుకూ ఉందనుకుని రిటర్ను వేయకుండా కూర్చున్న ఒక కక్షిదారు నోటీసు పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. ఉద్యోగి హోదా వేరు, కన్సల్టెంటు హోదా వేరు.

హైదరాబాదు ఆర్బిట్రేషన్:

ఎల్‌ఎల్‌ఎం మీద ఇంకా మనసుంటే పొలం అమ్మకుండా వెళ్లే దారి ప్రయత్నించండి. బ్రిటిష్ ప్రభుత్వపు చీవ్‌నింగ్ ఉపకారవేతనానికి రెండేళ్ల పని అనుభవం చాలు. ఫీజు, జీవనవ్యయం వాళ్లే భరిస్తారు, చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు (ఇది అమెరికాలో చదవడానికి) మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఈ ఏడాది సీటును వాయిదా వేయమని విశ్వవిద్యాలయాన్ని అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది.

గుంటూరు వకీలు:

అందరికీ నమస్కారం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. విశ్వవిద్యాలయం సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేయడానికి ఒప్పుకుంది. పొలం అమ్మకం ఆపాం. చీవ్‌నింగ్ దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్నాను, రాకపోతే లండన్ మాట వదిలేస్తాను.

మనీలా గారు చెప్పినట్టు ఫైళ్లన్నీ ముందేసుకున్నాను. నూట నలభై కేసుల్లో, ప్రాజెక్టు పేరుతో, నేను చేసిన పనితో సహా నిజాయితీగా ఒక పేరా రాయగలిగినవి తొమ్మిదే తేలాయి. మిగిలినవన్నీ ఎకరానికి ఎంత అన్న ఒక్క లెక్క మీద నడిచినవి. మొదట నిరుత్సాహపడ్డాను కానీ, ఆ తొమ్మిదిలో నాలుగు కౌలుదారులవి. ప్రపంచ బ్యాంకు వెబ్‌సైటులో బహిరంగంగా ఉన్న పునరావాస ప్రణాళికలు మూడు చదివాను, రెండు మన రాష్ట్రానివి, ఒకటి నేపాల్‌ది. మన రాష్ట్రపు ప్రణాళికల్లో ఒకదానిలో కౌలుదారుల నిర్వచనం మన చట్టంలోని మూడేళ్ల షరతుతోనే ఉంది, లోటు పట్టికలో ఆ వరుసే లేదు. ఆ ప్రాజెక్టులో నాకు వకాల్తా లేదు. దీన్ని వ్యాఖ్యగా రాసి అమలు సంస్థకు పంపవచ్చా, లేక అడగని సలహా అవుతుందా?

మనీలా మకాం:

పంపండి. ముసాయిదా మీద బహిరంగ వ్యాఖ్యల గడువు తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. ముగిసి ఉంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ చిరునామా ఆ పత్రంలోనే చివరి అధ్యాయంలో ఉంటుంది. రెండు పేజీలు మించకండి. పేరా సంఖ్య, చట్టపు సెక్షన్, ఈఎస్‌ఎస్‌5 నిబంధన, మీరు సూచించే వాక్యం, ఈ నాలుగే. నకలు మీ దగ్గర ఉంచుకోండి, మీ టెక్‌-6లో పదో పేరా అదే అవుతుంది. పంపేముందు నాకు చూపించాలనుకుంటే ఇక్కడ వ్యక్తిగత సందేశం పెట్టండి. శనివారం ఖాళీగా ఉంటాను.